ప్రోటీన్ డబ్బా మూడు వేలకు చేరింది, కొనాలా మానాలా?

బుధవారపేట_బుల్లోడు, కర్నూలు

అన్నలూ, అక్కలూ, కొంచెం దారి చూపించండి. పోయిన ఎండాకాలం నేను తీసుకున్న వే ప్రోటీన్ కిలో డబ్బా 2,350 పడింది. అదే కంపెనీ, అదే చాక్లెట్ ఫ్లేవర్, నిన్న రాజ్‌విహార్ దగ్గర షాపులో అడిగితే 2,999 అన్నాడు. ఆన్‌లైన్లో చూస్తే ఇంకో యాభై తక్కువ, అంతే. మధ్యలో జీఎస్‌టీ తగ్గించారని టీవీల్లో ఊదరగొట్టారు కదా, మరి తగ్గాల్సింది పోయి పెరగడమేంది? షాపాయనేమో "ఇంకా పెరుగుతుంది తమ్ముడూ, రెండు డబ్బాలు తీసి పెట్టుకో" అంటాడు. అది నిజమో, వాళ్ళ సరుకు కదలడానికి చెప్పే మాటో తెలియడం లేదు.

నా సంగతి చెప్తా. బరువు 70 కిలోలు, ప్రైవేటు ఉద్యోగం, పొద్దున ఆరుకల్లా జిమ్ములో ఉంటా. బండి ఈఎంఐ, ఇంట్లో ఇచ్చేది పోగా నెలకు మూడు వేలు పౌడర్‌కే పెట్టడం నా వల్ల కాదు. ఇంట్లో సోమవారం, శనివారం గుడ్డు కూడా పొయ్యి ఎక్కదు. చికెన్ అంటే ఆదివారమే.

ఇంకో సంగతి. జిమ్ములో ఒకాయన "ఇంపోర్టెడ్ మాల్, రెండు కిలోల పైనే ఉంటుంది, నీకైతే 2,800కి ఇస్తా, బిల్లు మాత్రం అడగొద్దు" అంటున్నాడు. డబ్బా పైకి బాగానే ఉంది, మూత కింద సీల్ కూడా ఉంది. తీసుకోవచ్చా? ఆగితే రేటు తగ్గుతుందా? లేకపోతే అసలు పౌడర్ లేకుండా నెట్టుకు రావచ్చా?

అనంత_పహిల్వాన్

మానెయ్ బ్రో, అంత ఆలోచనేంది. మా ఊళ్ళో పెద్దోళ్ళు సంగటి, నాటుకోడి పులుసు తిని గుండ్లు ఎత్తలేదా? వాళ్ళకు ఏ డబ్బా ఉండింది? రోజుకు ఆరు గుడ్లు తిను. ఏడు రూపాయల లెక్కన 42 రూపాయలు, 36 గ్రాముల ప్రోటీన్. అయిపోయింది కథ.

బుధవారపేట_బుల్లోడు

అన్నా, సోమవారం శనివారం గురించి రాశా కదా, చదవలేదా. మా అమ్మకు నువ్వు ఫోన్ చేసి చెప్పు.

మైదుకూరు_మజ్జిగ

నేను డెయిరీ లైన్లో ఉన్నా, మనది కడప జిల్లానే. ఎందుకు పెరిగిందో నాకు తెలిసినంత రాస్తా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

వే ప్రోటీన్ కోసమని ఎవరూ పాలు విరగ్గొట్టరు, అసలు మెలిక అక్కడే ఉంది. చీజ్ కోసం పాలలో రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి విరగ్గొడతారు. పది లీటర్ల పాలకు సుమారు ఒక కిలో చీజ్ వస్తుంది, మిగతా తొమ్మిది లీటర్లూ పలచగా, లేత పసుపు రంగులో ఉండే విరుగుడు నీళ్ళు. ఆ నీళ్ళే వే. అందులో 93 శాతం దాకా ఉత్త నీళ్ళే, ఐదు శాతం లోపు లాక్టోజ్ చక్కెర, ప్రోటీన్ అయితే ఒక్క శాతం కూడా ఉండదు. ఒకప్పుడు అమెరికాలో, యూరప్‌లో ఆ నీళ్ళను పందులకు పోసేవాళ్ళు, పొలాల్లోకీ వాగుల్లోకీ వదిలేసేవాళ్ళు. సన్న పొరల గుండా వడగట్టి అందులోని ప్రోటీన్ని పట్టుకునే పద్ధతి వచ్చాక ఆ పారబోసే నీళ్ళ కోసమే కంపెనీలు పోటీ పడుతున్నాయి.

నీ కిలో డబ్బాలో 80 శాతం ప్రోటీన్ ఉన్న పౌడర్ నింపాలంటే నూరు లీటర్లకు పైగా పాల విరుగుడు కావాలి. సరే, గిరాకీ పెరిగింది కదా ఇంకా ఎక్కువ తీద్దాం అంటే కుదరదు. వే ఎక్కువ కావాలంటే ముందు చీజ్ ఎక్కువ చేయాలి, ఆ చీజ్ కొనేవాళ్ళు ఉండాలి. ఉన్న నీళ్ళనైనా పూర్తిగా వాడుకుందామంటే ఫిల్టర్లు, స్ప్రే డ్రయ్యర్లు పెట్టాలి, దానికి కోట్లూ కావాలి, ఏళ్ళూ పడుతుంది. గిరాకీ మాత్రం అట్లా ఆగదు కదా, ఆరు నెలల్లోనే ఎగబాకుతుంది.

గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందంటే ఒక్క జిమ్ముల నుంచే కాదు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి చూడు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అని. టిర్జెపటైడ్ బ్రాండ్ మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ బ్రాండ్ వెగోవీ జూన్‌లో వచ్చాయి, అమెరికాలో అంతకు ముందు నుంచే జోరుగా వాడుతున్నారు. వాటితో ఆకలి చచ్చిపోతుంది, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, అందుకని డాక్టర్లు ప్రోటీన్ బాగా తీసుకోమంటారు. తక్కువ తిండిలో ఎక్కువ ప్రోటీన్ దొరకాలంటే వాళ్ళకు తేలికైన దారి పౌడరే. ఇది చాలదన్నట్టు బిస్కెట్టుకు ప్రోటీన్, ఐస్‌క్రీముకు ప్రోటీన్, బ్రెడ్డుకు ప్రోటీన్, చివరికి మజ్జిగ ప్యాకెట్ మీద కూడా ప్రోటీన్ అని రాసి అమ్ముతున్నారు. అన్నిటికీ వెళ్ళేది ఆ విరుగుడే. 90 శాతం ఉండే ఐసొలేట్ రకానికి ఇంకా ఎక్కువ ఒత్తిడి ఉంది, దాని వెంట 80 శాతం ఉండే మామూలు కాన్సంట్రేట్ రేటు కూడా లేస్తుంది.

తగ్గుతుందా అంటే, ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది. 2021, 22లో కూడా ఇట్లనే కొండెక్కి 2023లో దిగింది. కానీ నువ్వు నెలా రెండు నెలలు ఆగితే పడిపోయే రకం కాదు ఇది.

బుధవారపేట_బుల్లోడు

చానా థ్యాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు. ప్రపంచంలో పాలు ఎక్కువ వచ్చేది మన దేశంలోనే అంటారు, ఎక్కడ చూసినా పనీరే. మరి ఆ పనీర్ నీళ్ళలో నుంచి తీయలేరా? ఇంట్లో పనీర్ చేసినప్పుడు మా అమ్మ ఆ నీళ్ళు చపాతీ పిండిలో కలుపుతుంది, అవి తాగినా సరిపోతుందా?

మైదుకూరు_మజ్జిగ

మంచి ప్రశ్న. పనీర్‌కు పాలు బాగా మరగబెట్టి నిమ్మరసమో, వెనిగరో పిండుతాం కదా. ఆ వేడికి వే ప్రోటీన్ చాలా వరకు పాలలోని ఇంకో ప్రోటీన్ అయిన కేసీన్‌ను అంటుకుని గడ్డలోకే వెళ్ళిపోతుంది. చీజ్‌కు పాలు అంత మరిగించరు, అందుకే అక్కడ ప్రోటీన్ నీళ్ళలో మిగులుతుంది. మనకు ఆ ప్రోటీన్ పనీర్ ముక్కలోనే కడుపులోకి పోతోంది, నష్టమేమీ లేదు. ఆ నీళ్ళు పెద్ద గ్లాసు తాగినా రెండు గ్రాములు కూడా రాదు. అమ్మ చేస్తున్నట్టు చపాతీ పిండిలోకే వాడుకోండి, చపాతీ మెత్తగా వస్తుంది.

పాలు ఎంత ఉన్నా మన దగ్గర చీజ్ తక్కువ, అందుకే వే కూడా తక్కువ. గుజరాత్‌లో అమూల్, మహారాష్ట్రలో పరాగ్ లాంటి చీజ్ చేసే డెయిరీలు సొంతంగా వే పౌడర్ తెస్తున్నాయి గానీ, దేశంలో అమ్ముడయ్యే బ్రాండ్లలో చాలా వాటికి లోపలి సరుకు బయటి నుంచే రావాలి. ప్యాకింగ్ ఇక్కడ చేసి "మేడ్ ఇన్ ఇండియా" అని వేస్తే సరుకు ఇక్కడిదైపోదు.

క్లాక్‌టవర్_షాపోడు, అనంతపురం

నాది సప్లిమెంట్ షాపే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించే వినండి, ఫర్వాలేదు. తమ్ముడు జీఎస్‌టీ అడిగాడు కదా. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ పౌడర్ల మీద 18 శాతం ఉన్నది 5 శాతం అయింది. అంటే నువ్వు 2,350కి కొన్న డబ్బాలో అసలు ధర 1,992 రూపాయలు, మిగతాది పన్ను. రేటు మారకుండా ఉండి ఉంటే ఈరోజు అది 2,090 దగ్గర దొరకాలి. కానీ నువ్వు 2,999 అంటున్నావు, అందులో పన్ను తీసేస్తే 2,856. అంటే డబ్బా మీద నీకు కనిపిస్తున్న పెరుగుదల 28 శాతమైతే, పన్ను తీసేసి చూస్తే పెరిగింది 43 శాతం. జీఎస్‌టీ తగ్గింది కాబట్టి నీకు అంత నొప్పి తెలియలేదు.

దీనికి తోడు డాలర్. 2025 మొదట్లో 85, 86 రూపాయల మధ్య ఉండేది, డిసెంబర్‌లో 90 దాటింది. బయటి నుంచి తెచ్చేవాడు డాలర్లలో కడతాడు, దాని పైన కస్టమ్స్ సుంకం, ఆ తర్వాత ఓడ కిరాయి, చెన్నై నుంచో ముంబై నుంచో ఇక్కడికి లారీ. మా దాకా వచ్చేసరికి కొత్త లాట్ వచ్చినప్పుడల్లా కొత్త రేటు. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే "అన్నా, పాత రేటు స్టాక్ అయిపోయింది" అనే మాటే ముందు వస్తుంది. నిజం చెప్పాలంటే మాకు డబ్బా మీద మిగిలేది పెరగలేదు, పైగా రెండు డబ్బాలు కొనేవాడు ఒకటి కొంటున్నాడు.

రెండు డబ్బాలు తీసి పెట్టుకోమన్న మాట మీద నా అభిప్రాయం వేరు. మన అనంతపురం, కర్నూలు ఎండలకు రేకుల గదిలో, కిటికీ పక్కన డబ్బా పెడితే రెండో డబ్బా తెరిచేసరికి గడ్డలు కట్టి, వాసన మారి ఉంటుంది. నెలకు ఎంత వాడతావో అంతే కొను. ఎక్స్‌పైరీ దగ్గర పడిన డబ్బా తగ్గించి ఇస్తారు, నెలలో అయిపోతుందనుకుంటే అది తీసుకోవడంలో తప్పేం లేదు, మా షాపులోనూ ఇస్తాం.

ఇంకొకటి, డబ్బా మీద ఎంఆర్‌పీ 4,500 వేసి కొట్టేసి 2,999 అని రాయడం చూసి మురిసిపోవద్దు. ఆ 4,500కి ఎవరూ ఎప్పుడూ అమ్మలేదు. రేటు అట్లాగే పెట్టి లోపల తగ్గించే వాళ్ళు కూడా ఉన్నారు. కిలో డబ్బా అనుకుంటాం, అది రెండు పౌండ్లది, 907 గ్రాములు. డబ్బా సైజు అదే, మూత అదే. కింద చిన్న అక్షరాల్లో ఉండే నికర బరువు చూసి తీసుకో.

జిమ్ము ఆయన డబ్బా సంగతి ఒక్క మాటలో: వద్దు. రెండు కిలోల పైన అసలైన ఇంపోర్టెడ్ సరుకు 2,800కి నాకే రాదు, ఆయనకు ఎట్లా వస్తుంది?

అనంత_పహిల్వాన్

షాపాయనే వద్దంటున్నాడు చూడు. నేను మొదట్లోనే చెప్పా.

కడప_కరివేపాకు

పహిల్వాన్ గారూ, ఆయన వద్దన్నది దొంగ డబ్బా గురించి, పౌడర్ గురించి కాదు.

తమ్ముడూ, నేను టీచర్ని, మా ఇంట్లో పూర్తిగా శాకాహారం, గుడ్డు కూడా లేదు. ఈ లెక్క నాకు నెలనెలా వేసుకునేదే. డబ్బా ధర చూడొద్దు, ఒక్క గ్రాము ప్రోటీన్ ఎంతకు పడుతోందో చూడు. నీ డబ్బాలో స్కూప్ 33 గ్రాములు, అందులో 24 గ్రాముల ప్రోటీన్ అని రాసి ఉంటే కిలోకు ముప్పై స్కూపులు, 720 గ్రాముల ప్రోటీన్. 2,999ని 720తో భాగిస్తే గ్రాముకు నాలుగు రూపాయల పైన. స్కూప్‌కు వంద రూపాయలు. ఇంకో బ్రాండ్ 2,400కే వస్తోందని సంబరపడతాం, తీరా చూస్తే దాంట్లో స్కూప్ పెద్దది, ప్రోటీన్ తక్కువ, మిగతాది చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం. అందుకే స్కూప్ మీద కాకుండా వంద గ్రాములకు ఎంత ప్రోటీన్ అని రాసిన గడి చూడు. 75, 80 ఉంటే సరే. 50, 60 ఉంటే అది కండ పెంచే పేరుతో అమ్మే చక్కెర పిండి.

ఇప్పుడు వంటింటి వైపు. గుడ్డు ఏడు రూపాయలు, ఆరు గ్రాములు, అంటే గ్రాము రూపాయి పావలా లోపే. మేం పాలు లీటరు అరవైకి పోయించుకుంటాం, 32 గ్రాములు, గ్రాము రెండు రూపాయల లోపు. కందిపప్పు, ఉలవలు కిలోకు 220 గ్రాముల దాకా, గ్రాము అరవై పైసలు అటూ ఇటూ. అన్నిటికంటే చౌక మీల్ మేకర్, అదే సోయా చంక్స్, వంద గ్రాములకు 52 గ్రాములు. కిలో 150 పెట్టి తెచ్చినా గ్రాము ముప్పై పైసలే! నీ పౌడర్‌తో పోలిస్తే పదో వంతు కంటే తక్కువ. కొవ్వు తీసిన పాలపొడి కూడా బాగానే గిడుతుంది, వందకు 35 గ్రాములు, కాకపోతే అందులో సగం లాక్టోజే, పాలు పడని వాళ్ళకు కడుపు ఉబ్బుతుంది.

మన సీమలో అందరూ చెప్పేది బుడ్డలు, అదే వేరుశనగలు. నాకూ ఇష్టమే, చట్నీ లేకుండా నాకు దోసె దిగదు. కానీ బుడ్డలను ప్రోటీన్ అనుకుని తింటే బరువు మీదే తేలుతుంది. పౌడర్ ఒక స్కూప్‌లో వచ్చే 24 గ్రాముల కోసం దాదాపు వంద గ్రాముల బుడ్డలు తినాలి, అంటే 550 కేలరీల పైమాటే, స్కూప్‌లో అయితే 130. బరువు పెరగాలనుకునే వాళ్ళు నిక్షేపంగా తినొచ్చు.

సోయా అంటే చాలామందికి ఆ పచ్చి వాసన, గ్యాస్ భయం. ఉప్పు వేసిన వేడి నీళ్ళలో పావుగంట నానబెట్టి, నురగ నీళ్ళు గట్టిగా పిండేసి, మళ్ళీ చల్లటి నీళ్ళలో వేసి ఇంకోసారి పిండు. ఆ తర్వాత ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, కారం వేసి దోరగా వేయించు. మా పిల్లలు సంగటిలో నంజుకుని తింటారు.

అనంత_పహిల్వాన్

అక్కా, లెక్క బాగుంది గానీ పప్పు ప్రోటీన్, గుడ్డు ప్రోటీన్ ఒకటి కాదు కదా? ఒంటికి పట్టేది వేరు. సోయా తింటే మగవాళ్ళకు హార్మోన్లు దెబ్బతింటాయని కూడా విన్నా.

కడప_కరివేపాకు

పప్పు ఒక్కటే తింటే మీరన్నది నిజమే, అందులో మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. బియ్యంలో, రాగుల్లో లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. రెండూ కలిపి తింటాం కాబట్టి ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. అయినా గుడ్డు, పాలు అరిగినంత బాగా పప్పు అరగదు, ఒప్పుకుంటా, అందుకే పప్పు లెక్కకు కొంచెం ఎక్కువే వేసుకోవాలి. సోయాకు మాత్రం ఆ తక్కువ లేదు, పాలకు దగ్గర దగ్గరగా ఉంటుంది. హార్మోన్ల మాట వాట్సాప్‌లో తిరిగేది, రోజుకు గుప్పెడు సోయాతో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు.

అసలు తమ్ముడికి ఎంత కావాలో ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లోని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే 70 కిలోలకు 58 గ్రాములు. 2024లో వాళ్ళు ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పారు. బరువులు ఎత్తేవాళ్ళకు కిలోకు 1.6 దాకా ఉంటే ఉపయోగమని క్రీడా పోషణ నిపుణులు అంటారు, అంటే 112. అంతకు మించి తిన్నా దానికి తగ్గట్టు కండ పెరగదు. ఇప్పుడు నువ్వు రోజూ తినేది రాయి, లోటు ఎంతో చూద్దాం.

బుధవారపేట_బుల్లోడు

పొద్దున జిమ్ము నుంచి వచ్చాక ఉగ్గాని, ఒక్కోసారి బజ్జితో, రెండు ఉడికించిన గుడ్లు. మధ్యాహ్నం బాక్సులో అన్నం, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం ఒక గ్లాసు పాలు, ఇంకో గుడ్డు. రాత్రి చపాతీ లేదా సంగటి, ఏదో ఒక కూర.

కడప_కరివేపాకు

ఉగ్గానిలో పుట్నాల పొడి బాగా వేస్తే ఎనిమిది గ్రాములు అనుకో, బొరుగుల్లో అంతగా ఏమీ ఉండదు. మూడు గుడ్లు 18. మధ్యాహ్నం పప్పు, పెరుగు, అన్నం కలిపి 20. పాలు ఏడు. రాత్రి 15. మొత్తం 68 దగ్గర. మామూలు మనిషి లెక్క దాటేశావు, నీ జిమ్ము లెక్కకు 44 తక్కువ. ఆ 44 మొత్తం పౌడర్‌తో నింపితే రోజుకు దాదాపు రెండు స్కూపులు, డబ్బా పదహారు రోజులకే ఖాళీ. రోజుకు 40 గ్రాముల సోయా పెట్టుకుంటే 20 గ్రాములు దానితోనే వస్తుంది, ఆరు రూపాయల ఖర్చు. మిగతా 24కి ఒక స్కూప్. గుడ్లు ఇంకో రెండు తినే రోజుల్లో సగం స్కూప్ చాలు, ఆదివారం చికెన్ ఉంటుంది కాబట్టి డబ్బా తెరవనే అక్కర్లేదు. అట్లా చూసుకుంటే కిలో డబ్బా ఆరు వారాల దాకా లాగొచ్చు.

పౌడర్ అసలు వద్దని నేను చెప్పను. మా అక్కకు ఆపరేషన్ అయ్యాక ఏమీ తినలేని రోజుల్లో ఒక స్కూప్ పాలలో కలిపి ఇస్తే అదే లోపలికి పోయింది. ఎక్కడ కావాలో అక్కడే వాడాలి, మూడు వేలు పెట్టి తిండి మానేయకూడదు.

నంద్యాల_చెక్‌పోస్ట్

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మా నాన్నకు షుగర్, కండ తగ్గిపోతోంది, ఆయనకు కూడా ఇవ్వొచ్చా? జిమ్ము కోచ్ అయితే అందరూ తాగొచ్చు అంటున్నాడు.

కడప_కరివేపాకు

ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చేయించండి. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. కోచ్ మాట మీద మాత్రం మొదలుపెట్టొద్దు.

మైదుకూరు_మజ్జిగ

దొంగ సరుకు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. రేట్లు పెరిగినప్పుడు కల్తీ కూడా పెరుగుతుంది, అది ఏ సరుకైనా అంతే. ల్యాబులో ప్రోటీన్ కొలవడానికి మామూలుగా నైట్రోజన్ ఎంత ఉందో చూసి దాన్ని ఒక అంకెతో గుణిస్తారు. అందుకని నైట్రోజన్ ఉండి చౌకగా దొరికే గ్లైసిన్, టారిన్ లాంటివి కలిపినా కాగితం మీద ప్రోటీన్ ఎక్కువే కనిపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ అనే రసాయనం కలిపింది కూడా ఈ లెక్కను మోసం చేయడానికే. పౌడర్ డబ్బా వెనక పదార్థాల జాబితాలో ఈ పేర్లు విడిగా కనిపిస్తే, వాటిని ప్రోటీన్‌లో కలిపి చెప్తున్నాడా లేదా అని అడగాల్సిందే.

2024లో మన దేశంలో అమ్మే 36 రకాల ప్రోటీన్ పౌడర్లు పరీక్షించిన ఒక అధ్యయనం వచ్చింది, కేరళ డాక్టర్ల బృందం చేసింది. సుమారు 70 శాతం వాటిలో లేబుల్ మీద రాసినదానికి, లోపల ఉన్నదానికి పొంతన లేదు. కొన్నిట్లో రాసినదాంట్లో సగమే ఉంది. కొన్నిట్లో బూజు విషాలు కూడా దొరికాయి. కాబట్టి గ్రాముకు ఎంత అని అక్కగారు వేసిన లెక్క లేబుల్ నిజమైతేనే నిలబడుతుంది. ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు బయట పెట్టే బ్రాండ్ అయితే వంద రూపాయలు ఎక్కువైనా నేను దానికే ఇస్తా.

క్లాక్‌టవర్_షాపోడు, అనంతపురం

నిజం. ఇంపోర్టెడ్ అయితే ఇంకొకటి కూడా చూడాలి. ఇక్కడికి తెచ్చిన కంపెనీ పేరు, అడ్రసు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉన్న స్టిక్కర్ డబ్బా మీద తప్పకుండా ఉండాలి. ఆ నంబరు 14 అంకెలు ఉంటుంది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. గీకితే వచ్చే కోడ్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, దొంగ స్టిక్కర్ మీది క్యూఆర్ దొంగ వెబ్‌సైట్‌కే తీసుకుపోతుంది, అక్కడ పచ్చ టిక్కు కూడా వస్తుంది. కంపెనీ సైట్ పేరు నువ్వే టైప్ చేసి అక్కడ కోడ్ కొట్టు. ఖాళీ డబ్బాలు జిమ్ముల దగ్గర కొనుక్కుని పోయేవాళ్ళు ఎందుకు కొంటున్నారో ఒకసారి ఆలోచించండి. డబ్బా అయిపోతే లేబుల్ చింపి, మూత పగలగొట్టి పడేయండి.

బుధవారపేట_బుల్లోడు

ఇప్పుడే జిమ్ము నుంచి వచ్చా. ఆయన డబ్బా తిప్పి చూశా. అమెరికా అడ్రస్ ఉంది, ఇంపోర్టర్ స్టిక్కర్ లేదు, లైసెన్స్ నంబరు లేదు. బ్యాచ్ నంబరు ఉన్న చోట వేలితో రుద్దితే ఇంకు చేతికి అంటుకుంది. "స్టిక్కర్ ఏదన్నా" అంటే "డైరెక్ట్ మాల్ రా, స్టిక్కర్ ఎందుకు, నీకు వద్దంటే వదిలెయ్, అడిగేవాళ్ళు చానామంది ఉన్నారు" అన్నాడు. వదిలేశా.

షాపులో ఒక్క డబ్బానే తీసుకుంటా, బిల్లుతో. సోయా కూడా తెచ్చా, మా అమ్మ అనుమానంగా చూస్తోంది, శనివారం తినొచ్చా అని అడిగింది, శాకాహారమే అని ప్యాకెట్ మీది పచ్చ చుక్క చూపించా. అక్కా, 40 గ్రాములు అన్నావు కదా, అది నానబెట్టక ముందా, పిండాకా?

కడప_కరివేపాకు

ఎండువి తూచాలి తమ్ముడూ. నానితే నీళ్ళు పీల్చి రెండు మూడింతలు అవుతాయి, అవి తూచి 40 తిన్నావంటే అందులో ఏడెనిమిది గ్రాములైనా వస్తుందో రాదో. మొదటి వారం సగమే వెయ్యమని చెప్పు అమ్మకు, కడుపుకు అలవాటు కావాలి.